పక్కన నడవకూడదు

పెద్దకోడలి హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక కొలిచే టేపు ఉంటుంది. దర్జీల టేపు కాదు, తాపీమేస్త్రీల దగ్గరుండే ఇనుప టేపు. లాగితే గరగరమంటూ వస్తుంది, వదిలితే టక్కున లోపలికి పోతుంది. దువ్వెన మర్చిపోయి ఇల్లు దాటిన రోజులున్నాయి గాని టేపు మర్చిపోయిన రోజు లేదు. ఏ ఆస్పత్రికి వెళ్లినా ఆవిడ ముందు చేసే పని అక్కడి వరండా పొడవు కొలవడం. కాఫీ తెప్పిస్తామన్నా తర్వాతే అంటుంది. ముప్పై మీటర్లు తిన్నగా, మలుపు లేకుండా, మధ్యలో నీళ్ల కూలరో స్ట్రెచరో అడ్డం రాకుండా ఉండాలి. లేకపోతే అక్కడ ఎంత పేరున్న డాక్టరున్నా సరే, పెదవి విరిచేస్తుంది.

వరండాతో ఆవిడకేం పని అంటారా? అక్కడ మనుషుల్ని నడిపించాలి. ఊపిరితిత్తులు మెల్లమెల్లగా గట్టిపడిపోయే జబ్బొకటి ఉంది. అది వచ్చినవాళ్లకి ముందు మెట్లు కష్టమవుతాయి, తర్వాత వీధి చివరి దుకాణం దూరమవుతుంది, ఆ తర్వాత మంచం నుంచి స్నానాలగది దాకా పోవడమే గగనమవుతుంది. ఆ జబ్బుకి ఓ కొత్త మాత్ర వచ్చింది. అది పనిచేస్తుందో లేదో తేలాలంటే సగం మందికి ఆ మాత్ర, మిగతా సగానికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర ఇచ్చి, కొన్ని నెలలకోసారి నడిపించి చూడాలి. ఎవరికి ఏది దక్కిందో మింగేవాళ్లకీ తెలియదు, ఇచ్చేవాళ్లకీ తెలియదు.

ఇబ్బందల్లా ఏమిటంటే ఆ జబ్బున్నవాళ్లు ఒక్కో ఆస్పత్రిలో గుప్పెడుమంది కూడా ఉండరు. గుప్పెడుమందిని నడిపించి ఏం తేలుస్తారు? చాలా ఆస్పత్రులు కలిసి, అందరూ ఒకే పద్ధతిలో చేస్తే తప్ప లాభం లేదని పెద్ద డాక్టరు ఒకనాడు కళ్లజోడు తీసి బల్లమీద పడేసి విసుక్కున్నాడు. అప్పటికి పెద్దకోడలు ఆ ఆస్పత్రిలో రోగులకి తారీఖులిచ్చే కిటికీ దగ్గర కూర్చునే గుమాస్తా. అడిగితే సరిపోతుంది కదా సార్ అని, ఆయన వద్దనేలోపే ఫోను అందుకుంది.

అలా మొదలైంది ఆస్పత్రుల జట్టు. ఒకాయన మా మిషనే వాడాలన్నాడు. ఇంకొకాయన ఫలితాలు అచ్చయ్యే వ్యాసంలో నా పేరు ముందుండాలన్నాడు. మూడో ఆయన ఆ రెండో ఆయన ఉంటే నేను గడప తొక్కనన్నాడు, చదువుకునే రోజుల్లో ఎప్పుడో మాటా మాటా అనుకున్నారట. పెద్దకోడలు ఒకరికి తెలియకుండా ఒకరిని బతిమాలింది, బెదిరించింది, అలిగింది, అలక తీర్చింది. చివరికి అందరిచేతా ఒకే కాగితం మీద సంతకాలు పెట్టించింది. గుమాస్తా కాస్తా కోఆర్డినేటర్ మేడమ్ అయి, తలుపు మీద ఆ పేరుతో ఒక పలక కూడా వేయించుకుంది. ఆ పలక తుడిచే పని పనివాళ్లకి వదల్లేదు, తనే తుడుచుకునేది.

జట్టులో అందరికీ ఆవిడ పంపిన కార్డు ఒకటుంది. నడక పరీక్ష చేసేచోట గోడకి అంటించాలి. వరండా ఈ చివర ఒక నారింజరంగు కోను, ఆ చివర ఒక కోను, ఓ కుర్చీ. రోగి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలిగితే అంత దూరం నడవాలి. నడిపించే మనిషి కుర్చీ దగ్గర కదలకుండా నిలబడి, నిమిషానికోసారి కార్డు మీదున్న వాక్యం మాత్రమే, అంకె ఒక్కటి మార్చి, అనాలి: ‘బాగా నడుస్తున్నారు. ఇంకా ఐదు నిమిషాలుంది.’ అంతే. శెభాష్ అనకూడదు, చప్పట్లు కొట్టకూడదు. అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా లావు అక్షరాల్లో: పక్కన నడవకూడదు.

ఎందుకంత పట్టుదలంటే, తోడుగా ఒక మనిషి పక్కన నడిస్తే ఎవరైనా నాలుగడుగులు ఎక్కువే వేస్తారు. మందు మింగినవాళ్లూ వేస్తారు, ఉత్త మాత్ర మింగినవాళ్లూ వేస్తారు. అప్పుడు నడిపించింది మందో మనిషో ఎవరు చెప్పగలరు? అందుకే కార్డు తప్పిన ఆస్పత్రి జట్టు నుంచి బయటికే అని నియమం పెట్టించింది. ఒక ఆస్పత్రిలో నర్సమ్మ చప్పట్లు కొట్టిందని తెలిసి ఆ ఆస్పత్రిని తీసేశారు కూడా. అక్కడి రోగులకి మాత్రలు ఆగిపోయాయి, ఆ నర్సమ్మ ఉద్యోగం ఊడింది. పెద్దకోడలు ఆ రోజు కూడా మామూలుగానే భోంచేసింది.

ఇక చిన్నకోడలి సంగతి. పెద్దకోడలు ఆ ఇంట అడుగుపెట్టిన చాలా ఏళ్లకి మరిదికి పెళ్లయి ఈ పిల్ల వచ్చింది. ఊళ్లో అడుగుపెట్టిన రోజునే అందరినీ నవ్వించింది. నవ్వితే కండరాలు పట్టేస్తాయేమోనన్నట్టుండే పెద్దకోడలి భర్త కూడా, ఆ పిల్ల ఏదో అంటే టీ ముక్కులోకి పోయేదాకా నవ్వాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ముక్కులోకి టీ పోవడం పెద్దకోడలు ఎన్నడూ చూడలేదు. అదిగో, అక్కడ అంటుకుంది.

అత్తగారి సంగతైతే చెప్పనే అక్కర్లేదు. ఆవిడ బీపీ మాత్రలు వారానికి సరిపడా గళ్ల డబ్బాలో పొద్దుటివి పొద్దుటికి, రాత్రివి రాత్రికి సర్దేది పెద్దకోడలు. రెండ్రోజులుండటానికొచ్చి, పక్కన కూర్చుని, డబ్బాలోంచి మాత్ర తీసి చేతిలో పెట్టి ‘మింగండి అత్తయ్యా’ అనేది చిన్నకోడలు. చిన్నది వచ్చాకే నా బీపీ దారికొచ్చిందని అత్తగారు ఎదురింటివాళ్లతో చెప్పడం పెద్దకోడలు కిటికీలోంచి విన్నది. ఆ రోజు గిన్నెలు తోముతుంటే రెండు సొట్టలు పడ్డాయి.

అంత కడుపుమంట ఉన్న మనిషి చిన్నకోడలు పనిచేసే ఆస్పత్రిని జట్టులోకి ఎందుకు తెచ్చుకుందంటే, అది కూడా కడుపుమంటతోనే. చిన్నకోడలు వేరే ఊళ్లో, చిన్న ఊపిరితిత్తుల ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. అక్కడి వరండా ముప్పై మీటర్లకి సరిగ్గా సరిపోతుందని తెలిసింది. తనంటే ఏమిటో, తను ఫోను చేస్తే ఎంతమంది డాక్టర్లు లేచి నిలబడతారో ఆ పిల్ల కళ్లారా చూడాలన్నది పెద్దకోడలి కోరిక. శిక్షణ ఇచ్చిన రోజున చిన్నకోడలు ముందువరసలో కూర్చుని, అటూ ఇటూ తిరిగి, ఈవిడ మా అక్క అని అందరికీ చెప్పుకుంది. ఆ ఒక్క పూటా పెద్దకోడలికి ఆ పిల్ల మీద ప్రేమ లాంటిదేదో కలిగింది.

ఆ ముచ్చట ఎన్నాళ్లో నిలవలేదు. మందు పరీక్షలో చేరమని ఎవర్ని అడిగినా భయపడతారు, సంతకం పెట్టమంటే కొడుకుని అడగాలంటారు, పెట్టినవాళ్లు కూడా మూడోసారికి రావడం మానేస్తారు. అన్నిచోట్లా ఇదే గోల. చిన్నకోడలి ఆస్పత్రిలో మాత్రం చేరినవాళ్లు చేరినట్టే ఉన్నారు, అదే జబ్బున్న తెలిసినవాళ్లని కూడా వెంటబెట్టుకొస్తున్నారు. పెద్దకోడలి గది గోడమీద ఒక్కో ఆస్పత్రికి ఒక్కో రంగు కడ్డీతో పటం ఉంటుంది. చేరిన వరసలో వేసింది కాబట్టి చిన్నకోడలిది అన్నిటికన్నా చివర. చివరనుంటే కనబడదనుకుంది. తీరా చూస్తే ఆ ఊదారంగు కడ్డీ పక్కవాటి కన్నా రెండింతలు లేచి, గదిలోకి అడుగుపెట్టగానే అదే కళ్లలో పొడుస్తోంది.

నెలనెలా అందరూ తెరమీద కలుసుకునే సమావేశంలో పెద్ద డాక్టరు ఆ కడ్డీని చూపించి, మిగతావాళ్లు ఆ అమ్మాయిని చూసి నేర్చుకోండి అన్నాడు. జట్టు కట్టింది ఒకరు, నేర్చుకోవలసింది ఇంకొకరి దగ్గరా? పెద్దకోడలు నెట్ బాలేదని చెప్పి తన కెమెరా ఆపేసుకుంది. నెట్ బ్రహ్మాండంగా ఉంది. మొహమే బాలేదు.

ఇంట్లో పరిస్థితి ఇంకా ఘోరం. అత్తగారు కొన్నాళ్లు ఇక్కడ, కొన్నాళ్లు అక్కడ ఉంటుంది. అక్కడున్నప్పుడు ఇంట్లో ఒక్కర్తికీ తోచక కోడలితో పాటు ఆస్పత్రికి పోయి, వరండాలో బెంచీమీద అల్లిక పెట్టుకుని కూర్చునేది. తిరిగొచ్చాక వంటింటి గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని మొదలుపెట్టేది. చిన్నది రోగుల్ని ఎలా చూసుకుంటుందనుకున్నావు, చిన్నది వాళ్లతో పాటే... అక్కడిదాకా వచ్చేసరికి పెద్దకోడలు మిక్సీ వేసేది.

మిక్సీ మోతలో అత్తగారి పెదవులు కదులుతూ కనిపించేవి గాని మాట వినిపించేది కాదు. ప్రాణానికి హాయిగా ఉండేది. రుబ్బడానికి ఏదీ లేకపోతే టమాటాలు వేసేది, రుబ్బినవాటినే మళ్లీ రుబ్బేది. ఈమధ్య మనింట్లో అన్నీ మెత్తగానే ఉంటున్నాయేమిటని భర్త ఒకసారి అడిగాడు. పళ్లు అరిగిపోకుండా ఉంటాయి తినండి అంది.

చిన్నకోడలి ఫోను వచ్చినా అదే వైద్యం. ఒకరోజు వంట మధ్యలో ఫోను మోగింది. పెద్దకోడలు ఫోనుని గోడకి చేరేసి నిలబెట్టి, స్పీకరు పెట్టి, మిక్సీ మీట నొక్కింది. అవతల చిన్నకోడలు ఏదో పొడుగ్గా చెబుతోంది, ఎవరో ముసలాయన గురించి. తన గొప్పలే అయ్యుంటాయి, ఇంకేముంటాయి. ఈవిడ మధ్యమధ్య ‘ఊఁ... ఊఁ’ అంటోంది. మిక్సీ ఆపి గిన్నె కిందికి దించేసరికి ‘...అయితే సరేనా అక్కా?’ అన్న ముక్క చెవినపడింది. ‘సరే సరే, పనిలో ఉన్నా’ అని ఫోను పెట్టేసింది. ఆ తర్వాత ఆ సంగతి మళ్లీ తలుచుకోలేదు.

కొన్ని నెలలు గడిచాక జట్టుకి లెక్కలు చూసే ఆయన ఫోను చేశాడు. ఆయన హలో అనడు, బాగున్నారా అనడు, నేరుగా అంకెల్లోకి దిగుతాడు. చిన్నకోడలి ఆస్పత్రిలో నడక దూరాలు ఒక్కసారిగా పెరిగాయన్నాడు. మందు పనిచేస్తుందేమో అని పెద్దకోడలు అయిష్టంగానే అంది. ఎవరికి ఏ మాత్రో నాకూ తెలియదు గాని, సగం మంది మింగేది ఉత్త మాత్రలే కదా, అందరికి అందరూ ఎలా పెరుగుతారు అన్నాడాయన. అక్కడేదో తేడా జరుగుతోంది, వెళ్లి చూడండి అన్నాడు.

ఫోను పెట్టేశాక పెద్దకోడలు తలుపు గడియ వేసుకుని కాసేపు ఒంటరిగా కూర్చుంది. ఏడవడానికి కాదు, నవ్వడానికి. నేను ముందే అనుకున్నాను అని గోడమీది ఊదారంగు కడ్డీతో చెప్పింది. తేడా రుజువైతే ఆ ఆస్పత్రి జట్టులోంచి పోతుంది, చిన్నకోడలి ఉద్యోగం పోతుంది, అక్కడి రోగులకి మాత్రలు ఆగుతాయి. చివరిది గుర్తొచ్చినప్పుడు మనసు ఒక్క క్షణం కలుక్కుమన్నమాట నిజమే. నియమం నియమమే కదా అని సర్దిచెప్పుకుంది. పెద్ద డాక్టరుకి ఫోను చేసి, ఫలానా రోజున తనిఖీకి వెళ్తున్నానని, ఆ మధ్యాహ్నమే అక్కడినుంచే అందరితో సమావేశం పెట్టమని అడిగింది. తప్పు పట్టుకున్న చేత్తోనే, వేడి చల్లారకుండా అందరికీ వడ్డించాలని ఆవిడ తాపత్రయం.

వెళ్తున్నట్టు చిన్నకోడలికి చెప్పలేదు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని సమావేశంలో ఏమనాలో మాట మాటా కూర్చుకుంది. మాకు కుటుంబం వేరు, శాస్త్రం వేరు అన్న వాక్యం తనకే తెగ నచ్చింది. రెండుమూడుసార్లు పెదవుల్లోనే అనుకుంది. ఎదుటి సీటావిడ ఏదో ప్రార్థన చదువుకుంటోందనుకుని గొంతు తగ్గించి మాట్లాడింది.

ఆస్పత్రి వరండా చివర, నీళ్ల కూలరు చాటున నిలబడి చూసింది. ఎక్కడివక్కడ ఉన్నాయి, కోనులు, కుర్చీ, గోడకి కార్డు. కుర్చీ దగ్గర ఉండాల్సిన మనిషే లేదు. చిన్నకోడలు ఒక ముసలాయన పక్కన, భుజానికి భుజం కలిపి నడుస్తోంది. ఆయన ఒకప్పటి బస్సు డ్రైవరు. ఊపిరి ఎగబీలుస్తూ, చెమటలు కక్కుతూ, అయినా ఆగకుండా నడుస్తున్నాడు.

“ఆపకండి మావయ్యా, వచ్చే స్టాపులో దిగేవాళ్లున్నారు” అంటోంది చిన్నకోడలు. “మధ్యలో దింపేస్తే తిడతారు.”

ఆయన నవ్వాడు, నవ్వుతూనే కోను చుట్టూ తిరిగాడు. పెద్దకోడలు చంకలు గుద్దుకోవాల్సిన క్షణం అది. ఇన్నేళ్లుగా కోరుకున్నది కళ్లముందు నడిచొస్తోంది. కాని ఆ ముసలాయన మొహం చూస్తే ఇంకో మంట లేచింది. తన ఆస్పత్రిలో రోగులు కోనుల మధ్య తలొంచుకుని, శిక్ష వేసినట్టు నడుస్తారు. ఒక్కరు కూడా అలా నవ్వగా తను చూడలేదు. తప్పు చేస్తూ కూడా ఇది తనకన్నా బాగా చేస్తోందేమిటి అనిపించింది.

పరీక్ష అయ్యాక చిన్నకోడలు అక్కని చూసి పరుగెత్తుకొచ్చింది. పెద్దకోడలు పలకరించలేదు. ఆక్సిజన్ సిలిండర్లు పెట్టే గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

“కార్డు మీద చివర్న ఏముందో చదివావా?”

“పక్కన నడవకూడదని ఉందక్కా.”

“మరి నువ్వు చేస్తున్నదేంటి?”

చిన్నకోడలు ఆశ్చర్యపోయి చూసింది. “మిమ్మల్ని అడిగాకే కదా మొదలుపెట్టింది. ఆయనకి సగంలో భయమేసి ఆగిపోతున్నాడు, పక్కనుంటే నడుస్తానంటున్నాడు, నడవొచ్చా అని అడిగాను. మీరు సరేనన్నారు.”

“నేనా? ఎప్పుడు?”

“ఫోన్లో. మీ వెనకాల మిక్సీ తిరుగుతోంది అప్పుడు.”

పెద్దకోడలికి వంటిల్లు, గోడకి చేరేసిన ఫోను, ఎర్రగా తిరుగుతున్న టమాటాలు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి. అయినా ఓడిపోవడం ఇష్టంలేక, ఒక్కాయన కోసం అడిగి అందరికీ చేస్తావా అని గదమాయించింది. ఆయన పక్కన నడవడం చూసి మిగతావాళ్లూ అడిగారని చిన్నకోడలు చెప్పింది. తనకీ మొదట అనుమానంగానే ఉండేదట. కార్డు రాసిన మనిషే సరేనన్నాక ఇంకెవర్ని అడగాలి, మీరు ఆలోచించకుండా సరేననరు కదా అంది. దెప్పుతున్నట్టు అనలేదు, నమ్మిన మాట నమ్మినట్టే చెప్పింది.

అప్పుడు తట్టింది పెద్దకోడలికి, అత్తగారు గుమ్మంలో కూర్చుని అన్నిసార్లు మొదలుపెట్టిన ఆ వాక్యం. చిన్నది వాళ్లతో పాటే... నడుస్తుంది. ఇంకొక్క మాట విని ఉంటే చాలు, ఆ రోజే ఫోను చేసి ఆపించేది. ఇన్ని నెలల నడకలు బుగ్గిపాలయ్యేవి కాదు. పొగడ్త అనుకుని మిక్సీలో వేసి రుబ్బేసింది.

సమావేశానికి ఇంకా కాస్త టైముంది. చిన్నకోడలు డ్రైవరుగారికి మంచినీళ్లిచ్చి, ఇంటికి పంపించి వస్తానని వెళ్లింది. పెద్దకోడలు సిలిండర్ల మధ్య స్టూలు మీద కూలబడింది. ఆ ఫోను సంగతి ఇద్దరికే తెలుసు. లేదని తను గట్టిగా అంటే అది ఆవిడ మాటా ఈవిడ మాటా అవుతుంది. అలా అనుకోగానే ఇంకోటి తట్టింది, అప్పుడు అందరూ నమ్మేది చిన్నదాన్నే. అంత బాధలోనూ ఆ ఆలోచనకి ఒళ్లు మండింది. చిన్నది ఫోను సంగతి ఎత్తగానే ఏం జవాబు చెప్పాలో గబగబా తయారు చేసుకుంది. అలాంటివి ఫోన్లో కాదు, రాతపూర్వకంగా అడగాలి. అదీ మాట. దానికి తిరుగులేదు.

ఆ ఆస్పత్రి డాక్టరు గదిలో తెరముందు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. తెరమీద గళ్లుగళ్లుగా మొహాలు. పెద్దకోడలు చూసింది చూసినట్టు చెప్పింది. కుటుంబం వేరు, శాస్త్రం వేరు అన్న వాక్యం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఎవరైనా అనుమతి ఇచ్చారా అని చిన్నకోడల్ని అడిగాడు.

పెద్దకోడలు తన జవాబుని నాలిక చివర పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది.

“లేదు సార్,” అంది చిన్నకోడలు. “నేనే నడిచాను. తప్పు నాదే. రోగులకి మాత్రం మాత్రలు ఆపకండి.”

తెరమీద మొహాలన్నీ మెత్తబడ్డాయి. పెద్ద డాక్టరు గొంతు కూడా మారింది. తప్పు తప్పే గాని, ఇంత సూటిగా ఒప్పుకునేవాళ్లని నేను చాలా తక్కువమందిని చూశానమ్మా అన్నాడు. మూలగడిలో, ఒకప్పుడు రెండో ఆయన ఉంటే రానన్న డాక్టరు, చిన్నవయసైనా ఎంత సంస్కారం అని తల పంకించాడు.

పెద్దకోడలు పక్కకి తిరిగి చూసింది. చిన్నకోడలు తన వైపు చూడనైనా లేదు, ఒళ్లో చేతులు పెట్టుకుని తలొంచుకుంది. ఉద్యోగం పోయేలా ఉన్నా తన పేరెత్తలేదు. అది చూసి పెద్దకోడలికి కృతజ్ఞతతో కన్నీళ్లొచ్చాయని రాస్తే బాగుంటుంది గాని, అది అబద్ధం. ఆవిడకి వచ్చింది పట్టరాని కోపం. నవ్వితే పేరు దానిది, పనిచేస్తే పేరు దానిది. ఇప్పుడు తను చేసిన తప్పు కూడా అదే నెత్తినేసుకుని, దాంతో కూడా పేరు కొట్టేస్తోంది. తప్పు తనది. తన సొంతం. దాన్ని కూడా వదులుకుంటే ఇంక తనకంటూ మిగిలేదేముంది?

“ఆవిడ నన్ను అడిగింది సార్,” అంది పెద్దకోడలు.

చిన్నకోడలు చటుక్కున తలెత్తి చూసింది.

“నేను సరేనన్నాను. ఏం అడుగుతోందో వినకుండానే సరేనన్నాను.”

“ఎందుకు వినలేదు?” అన్నాడు పెద్ద డాక్టరు.

ఆ ప్రశ్నకి ఆవిడ ఏ జవాబూ తయారు చేసుకోలేదు. నెట్ బాలేదందామా అనిపించింది. పక్కన చిన్నకోడలు వద్దన్నట్టు మోచెయ్యి పట్టుకుంది. పెద్దకోడలు ఆ చెయ్యి విదిలించుకుంది.

“వినబుద్ధి కాలేదు సార్. ఆవిణ్ని అందరూ పొగుడుతుంటే నాకు కుళ్లు.”

ఆ తర్వాత జరిగినవన్నీ పద్ధతి ప్రకారం జరిగాయి. ఆ ఫోను రోజు నుంచి చిన్నకోడలి ఆస్పత్రిలో చేసిన నడక పరీక్షలన్నీ కొట్టేశారు. అడిగాకే చేశారు కాబట్టి ఆస్పత్రిని మాత్రం జట్టులో ఉంచారు, రోగులకి మాత్రలు ఆగలేదు. చప్పట్లు కొట్టిన ఆ నర్సమ్మ కూడా ఎవరినైనా అడిగే కొట్టిందేమో అని లెక్కలాయన తనలో తను అనుకున్నట్టు అన్నాడు. ఆవిడా తనకి ఫోను చేసి అడిగిందో లేదో పెద్దకోడలికి ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. ఆ నర్సమ్మకి తనే ఫోను చేసింది. అవతల ఎత్తి, గొంతు గుర్తుపట్టి పెట్టేశారు.

జట్టు పని, ఫోన్లు, సంతకాలు, డాక్టర్ల అలకలు పెద్దకోడలి దగ్గరే ఉంచారు, ఎందుకంటే ఆ అలకలు తీర్చడం ఇంకెవరివల్లా కాదు. నడక పరీక్షలకి శిక్షణ ఇచ్చే పని మాత్రం తీసేసి చిన్నకోడలికి ఇచ్చారు. పక్కన నడిస్తే ఏమవుతుందో ఆ అమ్మాయి కన్నా బాగా ఎవరికి తెలుసు అన్నాడు పెద్ద డాక్టరు. పెద్దకోడలు బ్యాగు తెరిచి టేపు తీసిచ్చింది. ఇచ్చాక కూడా కాసేపు రెండో చివర వదల్లేదు.

ఆ సాయంత్రం స్టేషనుకి ఆటోలో పంపిస్తానంది చిన్నకోడలు. అక్కర్లేదు నడుస్తానంది పెద్దకోడలు, ఒంటరిగా నడుద్దామని. చిన్నకోడలు వినకుండా పక్కనే నడిచింది. దారి పొడుగునా ఏవేవో చెప్పింది, అత్తయ్య ఆస్పత్రి బెంచీమీద అల్లిన స్వెట్టరుకి మూడు చేతులొచ్చిన సంగతి కూడా. పెద్దకోడలు ఒక్క మాటకీ నవ్వలేదు, నవ్వాపుకోవడానికి పళ్లు బిగించాల్సొచ్చింది. చూస్తుండగానే స్టేషను వచ్చేసింది. అంత దూరం అంత తొందరగా ఎలా వచ్చామో అర్థమై ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది.

కొన్నాళ్లకి అత్తగారు చిన్నకోడలి దగ్గర ఉండి తిరిగొచ్చింది. వంటింటి గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. పెద్దకోడలి చెయ్యి అలవాటుగా మిక్సీ మీట మీదికి పోయింది. అత్తగారు నోరు తెరవకుండా ఆ చేతి వంకే చూస్తూ కూర్చుంది.

“ముందు అది వేసుకుంటావా, నన్ను చెప్పమంటావా?” అంది అత్తగారు.

అంటే ఇన్నాళ్లూ ఆవిడకి తెలుసన్నమాట. పెద్దకోడలు ప్లగ్గు పీకేసింది. స్టవ్వు కూడా ఆపింది.

“చెప్పండి అత్తయ్యా. ఏం చేసిందట?”

చిన్నది ఇప్పుడు కుర్చీ దగ్గరే బొమ్మలా నిలబడుతోంది అని మొదలుపెట్టింది అత్తగారు. కార్డు మీది మాట తప్ప ఇంకో మాట అనడం లేదట. ఆ డ్రైవరుగారు మొన్న సగంలో ఆగిపోయి, దాని వంక చూశాడట. దానికి కళ్లనీళ్లొచ్చినా అడుగు కదపలేదట. పరీక్ష అయిపోయి, ఆయన కుర్చీలో కూర్చుని ఊపిరి కుదుటపడి, దూరం కొలిచి రాసుకోవడం కూడా పూర్తయ్యాక అప్పుడు లేపి, ఇద్దరూ కలిసి కబుర్లు చెప్పుకుంటూ వరండాలో మళ్లీ ఒక చుట్టు నడిచారట. ఇప్పుడు అందరితోనూ అలాగే చేస్తోందట. ఆ చుట్టు కోసమే మళ్లీ మళ్లీ వస్తున్నారట.

పెద్దకోడలు చివరిదాకా విన్నది. ఈ ముక్క నాకెందుకు తట్టలేదు అని కడుపు భగభగ మండింది. మర్నాడు ఆఫీసులో కార్డు మళ్లీ అచ్చువేయించింది. పక్కన నడవకూడదు అన్నదాని కింద, అంతే లావు అక్షరాల్లో, పరీక్ష ముగిసి దూరం రాసుకున్నాక రోగి ఓపికని బట్టి ఒక చుట్టు పక్కన నడవాలి అని చేర్పించి, జట్టులో ఉన్న ఆస్పత్రులన్నిటికీ పంపింది. ఆ ఆలోచన ఎవరిదో మాత్రం ఎక్కడా వేయించలేదు.